రియోహా వైన్: క్రియాన్సానా, రెసెర్వానా, గ్రాన్ రెసెర్వానా – ఏది మేలు?

ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు వైన్ల మాట వచ్చినప్పుడల్లా పాఠకులు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. కొట్లో ఒకే బొడేగా (వైన్ తయారీ సంస్థ) సీసాలు మూడు పక్కపక్కనే ఉంటాయి. పేరు ఒకటే, ద్రాక్ష దాదాపు అదే, ధర మాత్రం ఒకదాన్ని మించి ఒకటి. ఎక్కువ డబ్బు పోసి కొన్నది ఎక్కువ బాగుంటుందా? ఉండి తీరాలని ఏమీ లేదు. ఈ పేర్లు చెప్పేది ఆ వైన్ కనీసం ఎంతకాలం మాగిందో, అంతవరకే.

లెక్కలు ముందు పెట్టుకుందాం. ఇవి ఎర్ర వైన్లకు. క్రియాన్సా మొత్తం రెండేళ్లు మాగాలి, అందులో ఏడాది ఓక్ పీపాలో. రెసెర్వాకు మూడేళ్లు, కనీసం ఏడాది పీపాలో, ఆరు నెలలు సీసాలో. గ్రాన్ రెసెర్వాకు అయిదేళ్లు. పీపాలో రెండు, సీసాలో రెండు తప్పనిసరి. పీపా అంటే ఫ్రాన్సులోని బోర్దో ప్రాంతపు కొలతది, 225 లీటర్లు. సీసా వెనక అంటించే చిన్న ముద్ర రంగు చూసినా తెలిసిపోతుంది: క్రియాన్సాకు ఎరుపు, రెసెర్వాకు ముదురు ఎరుపు, గ్రాన్ రెసెర్వాకు నీలం. ఆకుపచ్చ ముద్ర ఉంటే ఈ లెక్కల్లోకి రాని మామూలు వైన్ అన్నమాట.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ పైవన్నీ కనీస హద్దులు. పైహద్దు బొడేగా ఇష్టం. హారో పట్టణంలో 1877 నుంచి ఉన్న లోపెస్ దె ఎరేదియా వాళ్ల వీన్యా తోందోనియా రెసెర్వా పీపాల్లోనే దాదాపు ఆరేళ్లు గడిపి, ఆ తర్వాత సీసాల్లో మరికొన్నేళ్లు ఉండి గాని బయటికి రాదు. ముద్ర మీద రాసేది రెసెర్వా అనే. మరో బొడేగా గ్రాన్ రెసెర్వా అయిదేళ్లు నిండగానే బయటపడవచ్చు. అందుకే ఏ మెట్టు అని అడిగే ముందు ఎవరి పీపా, ఎలాంటి పీపా అని అడగాలి. మా దృష్టిలో తేల్చేది ఇదే.

పీపా చేసే పని

రియోహాకు పీపా బయటినుంచి వచ్చిన అలవాటు. 1862లో స్పెయిన్‌లోని అలవా ప్రాంత ప్రభుత్వం జాన్ పినో అనే బోర్దో నిపుణుణ్ణి పిలిపించి ఫ్రెంచి పద్ధతి నేర్పించింది. మరుసటి ఏడు హారో మీదుగా బిల్బావో రేవుకు రైలు పడింది. ఆ తర్వాత ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్సు తోటల్ని తినేయడంతో బోర్దో వ్యాపారులు వైన్ కోసం ఇటు వచ్చారు. హారో రైలు స్టేషను చుట్టూ పాత బొడేగాలు గుంపుగా ఉండటానికి కారణం అదే. పీపాల్ని నేరుగా బండ్లకెక్కించేవారు. బోర్దో నుంచి పద్ధతి తెచ్చుకున్నా, చెక్క మాత్రం అట్లాంటిక్ అవతలినుంచి తెప్పించుకున్నారు. అమెరికా ఓక్ చవక.

ఈ తేడా గ్లాసులో తెలుస్తుంది. అమెరికా ఓక్ చెక్కలో రంధ్రాలు సహజంగానే పూడుకుని ఉంటాయి కాబట్టి దాన్ని ఎటు రంపంతో కోసినా కారదు. ఫ్రెంచి ఓక్‌ను అలా కోస్తే కారుతుంది; నార వెంబడే చీల్చాలి, చీలిస్తే దుంగలో చాలా భాగం వృథా. ధర ఇంచుమించు రెట్టింపు కావడానికి ఇదొక ముఖ్య కారణం. అమెరికా ఓక్ వెనీలా, కొబ్బరి, సోంపు ఆకు వాసనలు ధారాళంగా ఇస్తుంది. ఫ్రెంచి ఓక్ వాసన మెత్తన: లవంగం, దేవదారు, వగరు మాత్రం ఎక్కువ. కొత్త పీపా వాసన గట్టిగా పోస్తుంది. నాలుగైదు సార్లు వాడాక ఇచ్చేందుకు వాసన పెద్దగా మిగలదు. అప్పుడది గాలిని సన్నగా లోపలికి పంపే పాత్ర మాత్రమే. పాత హారో బొడేగాలు అంతంత కాలం పీపాలో ఉంచగలిగేది అందుకే. కొత్త పీపాలో ఆరేళ్లు ఉంచితే మిగిలేది చెక్క రసం.

ఈ పాత పద్ధతికి చాకిరీ ఎక్కువ. సుమారు ఆరు నెలలకోసారి వైన్‌ను ఒక పీపా నుంచి మరోదానిలోకి, పంపు పెట్టకుండా వాలుమీదే దించుతారు. ధార వెనక కొవ్వొత్తి పట్టుకుని చూస్తారు. తేట పోయి మసక కనిపించగానే ఆపేస్తారు, అడుగు మడ్డి అక్కడే ఉండిపోతుంది. ఖాళీ పీపా కడిగి, లోపల గంధకపు వత్తి వెలిగించి, మళ్లీ నింపుతారు. ముగా లాంటివాళ్లు చివర్లో గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి వేస్తారు. మోటు వగరు దానికి పట్టుకుని అడుగుకు దిగుతుంది. ముగా, లోపెస్ దె ఎరేదియా, లా రియోహా ఆల్తా బొడేగాలకు సొంత పీపాల పనివాళ్లే ఉన్నారు. లా రియోహా ఆల్తా వాళ్లు అమెరికా చెక్కను తెప్పించి, రెండేళ్లు ఆరుబయట ఎండావానల్లో పడేసి, ఆ తర్వాతే పీపా కడతారు. పచ్చి చెక్కతో కడితే వైన్‌కు చేదు పడుతుంది.

ఇందులో ఎక్కడ అశ్రద్ధ చేసినా దొరికిపోతారు. పీపాలో వైన్ ఏటా కొంత ఆవిరవుతుంది. ఆ వెలితిని పూడ్చకపోతే పైన చేరిన గాలిలో వెనిగర్ బాక్టీరియా పెరుగుతుంది. మూత తీయగానే గోళ్ల రంగు లాంటి ఘాటు. పాత పీపా సరిగా శుభ్రం కాకపోతే బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ చేరి గుర్రపుసాల వాసన పట్టిస్తుంది. కొందరు దాన్నే పాతకాలపు రుచి అని మెచ్చుకుంటారు. కొంచెం ఉంటే సరే, గ్లాసంతా అదే అయితే అది తప్పే.

నేల మాటేమిటి

ఎంత మంచి పీపా అయినా లోపల పోసింది తట్టుకోవాలి కదా. ఉత్తరాన సియెర్రా దె కాంతాబ్రియా కొండల వరుస అట్లాంటిక్ చలిగాలినీ వాననూ చాలావరకు అడ్డుకుంటుంది. దాని కింద, ఎబ్రో నదికి ఉత్తరపు గట్టున రియోహా అలవేసా. సున్నపు బంకమట్టి మెట్లు, చిన్న చిన్న మడులు. పడమట హారో చుట్టూ రియోహా ఆల్తా. చల్లన, సున్నపు బంకమట్టితో పాటు ఇనుము కలిసిన ఎర్రమట్టి, ఏటి ఒండ్రు. తూర్పుకు వెళ్లేకొద్దీ ఎండ పెరిగి మధ్యధరా వాతావరణం వస్తుంది. ఆ భాగాన్ని 2018 దాకా రియోహా బాహా అనేవారు. ఇప్పుడు రియోహా ఒరియెంతాల్.

చల్లని పడమట పండే తెంప్రానియో అనే ఎర్ర ద్రాక్షకు పులుపు నిలుస్తుంది కాబట్టి అది దీర్ఘకాలం మాగగలదు. దానికీ లోటుంటే గ్రాసియానో అనే మరో ద్రాక్ష కొంచెం కలుపుతారు. రంగూ పులుపూ రెండూ వస్తాయి. మసువేలో పులుపు, వగరు ఇస్తుంది. తూర్పు గార్నాచా ఆల్కహాలు, కండ ఇస్తుంది గానీ గాలికి తొందరగా రంగు వదులుతుంది. ఎత్తైన చోట పెరిగిన గార్నాచా వేరు: లా రియోహా ఆల్తా బొడేగా వాళ్ల వీన్యా అర్దాన్సా రెసెర్వాలోకి వచ్చేది తూర్పున తుదెలీయా గుట్టల మీద పండినదే.

మరి ఏది కొనాలి?

వారాంతం భోజనానికైతే క్రియాన్సా. ఎర్ర పండ్ల రుచి ఇంకా ముందుంటుంది, చెక్క వెనకుంటుంది. మాగబెట్టే పని పెట్టుకోవద్దు. కోత ఏడాది నుంచి ఆరేడేళ్లలో తాగేయండి. కారం వంటలు వగరునీ ఆల్కహాలునీ నోట్లో మంటగా మారుస్తాయి కాబట్టి, గోంగూర మాంసం లాంటి వాటి పక్కన ఈ మూడింటిలో ఏదైనా నిలబడగలిగితే అది బాగా చల్లబరిచిన క్రియాన్సాయే. మిగతా రెండింటికీ కారం తగ్గించిన పొట్టేలు వేపుడు, కాల్చిన మాంసం ఉండాలి. రియోహాలో అయితే ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద కాల్చిన గొర్రెపిల్ల పక్కటెముకలు.

గ్రాన్ రెసెర్వా ఏడాది చూసి కొనాలి. రియోహా వైన్ల నియంత్రణ మండలి 'ఎక్సెలెంటే' (అత్యుత్తమం) అని తేల్చిన 2001, 2004, 2005, 2010, 2011 లాంటివి కనిపిస్తే, నిల్వ బాగుందని నమ్మకం ఉంటే, సందేహించనక్కర్లేదు. కూనే బొడేగా వాళ్ల ఇంపీరియల్ గ్రాన్ రెసెర్వా 2004ను అమెరికా పత్రిక వైన్ స్పెక్టేటర్ 2013లో ఆ ఏటి మేటి వైన్‌గా ఎంచింది. ఆ గౌరవం ఊరికే రాలేదు. తోలు, ఎండిన అంజూర, పొగాకు, పుట్టగొడుగుల వాసన పక్వంగా దిగిన వైన్ అది. కానీ 2013 లాంటి చలి, తడి ఏడాది పలచటి పండును పట్టుకుని అయిదేళ్లు నానబెడితే పండు ఎండిపోతుంది, చెక్క మిగులుతుంది. అలాంటి ఏట నికార్సయిన బొడేగాలు గ్రాన్ రెసెర్వా చేయడమే మానేస్తాయి. చేసినవాళ్లను చూసి కొంచెం అనుమానించండి.

హైదరాబాదు, విజయవాడలో కొనేవారికి మరో సంగతి. వయసు మీరిన వైన్ వేడిని తట్టుకోలేదు. ఏసీ లేని కొట్లో ఒక్క వేసవి గడిపిన గ్రాన్ రెసెర్వా ఉడికిపోయి ఉంటుంది. బిరడా సీసా మూతికంటే పైకి ఉబికి ఉన్నా, మెడ దగ్గర జిగురుగా కారిన మరక ఉన్నా, ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలేయండి.

ఇక రెసెర్వా. మా మొగ్గు దీని వైపే. మంచి మడుల పండు ఇందులోకి వస్తుంది, చెడ్డ ఏట దీని జోలికి వెళ్లని బొడేగాలూ ఉన్నాయి. గ్రాన్ రెసెర్వాలా ఎండిపోయే ప్రమాదం తక్కువ. తోందోనియా, అర్దాన్సాల సంగతి పైన చూశాం. నియమం ఏడాది పీపా చాలంటే అర్దాన్సా మూడేళ్ల దాకా ఉంటుంది. ముగా రెసెర్వా రెండేళ్లు. సీసా వెనక 'బరికా' (పీపా) ఎన్ని నెలలు, ఏ ఓక్ అన్నది రాసి ఉంటే చదవండి. రాయకపోతే బొడేగా వెబ్‌సైట్‌లో ఆ వైన్ పేజీలో సాధారణంగా దొరుకుతుంది. 'రోబ్లే అమెరికానో' అంటే అమెరికా ఓక్, 'ఫ్రాన్సెస్' అంటే ఫ్రెంచి. కొబ్బరి, వెనీలా ఇష్టపడేవాళ్లకు మొదటిది. బోర్దో తాగి అలవాటైనవాళ్లకు రెండోది.

ఆకుపచ్చ ముద్ర వైన్లలో అలవేసా రైతులు గుత్తులు గుత్తులుగా తొట్టెలో వేసి పులియబెట్టేవి తాజాగా బాగుంటాయి, ఏడాదిలో తాగేయాలి. తెల్ల రియోహాకు లెక్కలు వేరు. పీపాలో ఆరు నెలలు చాలు. 2017లో వచ్చిన 'వీన్యేదో సింగులార్' ఒక్క తోటనుంచే వచ్చిన వైన్‌కు ఇచ్చే గుర్తింపు, దానికీ ఈ మెట్లకూ సంబంధం లేదు.

తీసేటప్పుడు: క్రియాన్సా 15–16 డిగ్రీలు, మిగతావి 17–18. మన ఇళ్లలో గది వేడి అంటే 30 కాబట్టి ఫ్రిజ్‌లో ముప్పావు గంట పెట్టాల్సిందే. గ్రాన్ రెసెర్వాను ముందురోజే నిలబెట్టి ఉంచండి, మడ్డి దిగుతుంది. పాత బిరడా మధ్యలో విరుగుతుంది, తొందరపడి లాగొద్దు. గంటల ముందు వంపి గాలి పట్టించే అలవాటు కుర్ర వైన్లకు. పాతదాన్ని తీసిన వెంటనే మెల్లగా వంపుకుని తాగాలి. మూత తీశాక క్రియాన్సా ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది, పాత గ్రాన్ రెసెర్వా మరునాటికే నీరసపడుతుంది.