బర్బెరీ ట్రెంచ్ కోటు: కొత్తదా, పాతదా?

బ్రిటన్‌లో బర్బెరీ బట్టల కంపెనీ పెట్టిన థామస్ బర్బెరీ 1879లో గాబర్డిన్ అనే, వాన నీళ్లు త్వరగా ఇంకని బట్ట తయారుచేశాడు. ఆ బట్టతో కుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికాధికారులు వేసుకున్న వానకోటునే, అంటే ట్రెంచ్ కోటునే ఆ కంపెనీ ఇప్పటికీ సీజన్‌కోసారి కొత్తగా కత్తిరిస్తోంది. ఓసారి భుజం జారుతుంది, ఓసారి పొడవు పెరుగుతుంది. భుజాల పట్టీలు, నడుం బెల్టు మాత్రం చాలావరకు అలాగే ఉంటాయి. లండన్‌లో ఉండే మనవాళ్లు కొత్తది కొనాలా, ఒకరు వాడిన పాతది కొనాలా?

ఖర్చు: కొత్తది వెయ్యి పౌండ్లు సులువుగా దాటుతుంది. పాతది ఓపికుంటే అందులో నాలుగో వంతుకే దొరకొచ్చు.

శ్రమ: కొత్తదానికి ఒక్క గంట. పాతదానికి ఎన్ని శనివారాలో!

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. పాతవాటిలో నకిలీలు బోలెడు. అసలైనదే అయినా, కాలర్ తిప్పి మెడ జిడ్డు చూడండి. చంక దగ్గర బట్టను వెలుతురుకి పట్టి చూస్తే అరుగుదల తెలిసిపోతుంది. బెల్టు రంగు కోటు రంగుతో కలవకపోతే అది వేరే కోటుది కావచ్చు.

ఫిట్: 1980ల కోట్లు స్వెటర్ మీద వేసుకునేంత వదులు. చేతుల పొడవు టైలర్ తగ్గిస్తాడు, భుజాల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

పదేళ్లు ఆఫీసుకి వేసుకునేవారు కొత్తదే తీసుకోండి, అదీ సీజన్ మోడల్ కాదు, సీజన్‌తో పెద్దగా మారని హెరిటేజ్ రకం. చదువుకోవడానికి వచ్చినవారికి పాతదే నయం. ఏడాదిలో హైదరాబాద్ వెళ్లిపోతుంటే రెండూ వద్దు, గొడుగు చాలు.