ఆరు వేసవులు వేసుకున్న ఊలు హోజ్

స్వీడన్‌లోని విస్బీలో ఏటా ఆగస్టులో మధ్యయుగ వారోత్సవం జరుగుతుంది. గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న నేను ఎనిమిదేళ్లుగా సెలవు పెట్టి మరీ వెళ్తున్నాను. మధ్యయుగ వేషాలు వేసే మా బృందానిది 1361 నాటి వేషం, డెన్మార్క్ రాజు వాల్డెమార్ ఆ ఊరి మీదికి దండెత్తి వచ్చిన ఏడాది. అప్పటి మగవాళ్లు కాళ్లకు వేసుకున్నది హోజ్. ప్యాంటు కాదు, ఏ కాలికి ఆ కాలు విడిగా ఉండే ఊలు తొడుగు. లోపల వదులుగా లినెన్ లాగు వేసుకుని, దాని నడుము దగ్గర ఈ రెండిటినీ బొందులతో కట్టుకోవాలి.

మొదటి ఏడాది నల్ల లెగ్గింగ్స్‌తో సరిపెట్టాను. బృందంలోని ఒక పెద్దావిడ నా మోకాళ్ల వైపు చూసి నవ్వి ఊరుకున్నారు. తప్పు తర్వాత తెలిసింది. లెగ్గింగ్స్ అల్లిన గుడ్డ, హోజ్ నేసిన గుడ్డ. అల్లిన మేజోళ్లు ఐరోపాలో విరివిగా వాడుకలోకి వచ్చింది 16వ శతాబ్దంలో. ఇంగ్లండ్‌కు చెందిన విలియం లీ మేజోళ్ల అల్లిక యంత్రం 1589 నాటిది.

రెండో ఏడు ఆన్‌లైన్‌లో రెడీమేడ్ హోజ్ కొన్నాను. ఊలు మంచిదే, రంగూ బాగుంది. కానీ గుడ్డను నిలువుగా కోసి కుట్టారు. కూర్చుంటే మోకాలు వంగదు, బలవంతంగా వంచితే బొందు పుటుక్కుమంటుంది. ఊరేగింపు మధ్యలో ఎడమ కాలు తొడుగు జారి మడమ మీద కూర్చుంది. మళ్లీ జారుతుందేమోనని దారంతా టెన్షనే. ఫొటోలు చూసి అమ్మ వీడియో కాల్‌లో, "ఏరా, ఊలు చుడీదారా అది? క్రాస్‌గా కోయలేదే!" అంది.

అసలు సంగతి అదే. పడుగు, పేకలకు మూలగా కోస్తేనే నేసిన గుడ్డ సాగి కాలిని పట్టుకుంటుంది. లండన్ తవ్వకాల్లో దొరికిన 14వ శతాబ్దపు హోజ్ ముక్కలూ అలా కోసినవే. 1936లో స్వీడన్‌లోని బురద నేలలో ఒక మధ్యయుగపు మనిషి శవం బట్టలతో సహా బయటపడింది, అతన్ని బోక్‌స్టెన్ మనిషి అంటారు. ఆ బట్టలు స్వీడన్‌లోనే వార్బెర్గ్ కోట మ్యూజియంలో ఉన్నాయి. ఆ హోజ్ ముందు అరగంట నిలబడి, ఇంటికొచ్చి కత్తెర పట్టాను.

పల్చటి ఊలు ట్విల్ (ఏటవాలు గీతలు కనిపించే నేత), రెండు మీటర్లు. కుట్టు కాలి వెనక వస్తుంది. పిక్క కొలత అందరూ తీసుకుంటారు, మడమ చుట్టుకొలతే మరిచిపోతారు. అక్కడ పాదం దూరకపోతే కుట్టినదంతా దండగ. నేను ఒక జత అలాగే పాడుచేశాను.

రెండో జతే ఇప్పటికీ నడుస్తోంది. గొంతుకూర్చుని పొయ్యి ఊదగలను, వానలో తడిసినా చలి వేయదు. దురద మొదటి వారమే. లోపాలూ ఉన్నాయి. సాయంత్రానికి మోకాళ్లు సంచుల్లా దిగుతాయి, మోకాలి కింద పట్టీ కట్టక తప్పదు. ఉతికి తీగ మీద వేలాడదీస్తే జానెడు సాగుతుంది, పరిచే ఆరబెట్టాలి. మిట్టమధ్యాహ్నం ఉడికిపోతుంది. 1415లో ఫ్రాన్స్‌లోని అజిన్‌కోర్ట్ యుద్ధంలో ఇంగ్లిష్ విలుకాళ్లు హోజ్ వదులు చేసుకుని పోరాడారని అప్పటివాళ్లు రాశారు. ఎండ ముదిరితే నేనూ బొందులు విప్పి మోకాళ్ల దాకా చుట్టేస్తాను.

హోజ్ అరికాలు మాత్రం మూడుసార్లు చిరిగింది. మూడోసారి అతుకు వేయడానికి పాత రెడీమేడ్ జతనే కోసేశాను.