ఉమ్మడి పొలమా, సొంత చెక్కా: ఏది మేలు?

సోషలిజం మంచిదా చెడ్డదా అని అరుగు మీద కూర్చుని వాదించుకుంటే తెల్లారినా తేలదు. పొలంలోకి దింపి చూస్తే తొందరగా తేలుతుంది. దార్లు మూడు. పొలాలన్నీ కలిపేసి పైవాళ్ల ఆజ్ఞ ప్రకారం సాగు చేయడం ఒకటి. ఎవరి చెక్క వాళ్లు చేసుకోవడం రెండోది. చెక్క సొంతంగా ఉంచుకుని అప్పు, ఎరువు, అమ్మకం మాత్రం కలిసి చూసుకోవడం మూడోది. నా మొగ్గు మూడోదానికి. మొదటిదాని జోలికి మాత్రం పోవద్దంటాను.

ఆ మొదటిదాన్ని చైనా 1958లో కమ్యూన్ల పేరుతో నిండా చేసి చూసింది. అక్కడ రోజు పనికి పాయింట్లు వేసేవాళ్లు. చాలాచోట్ల గట్టి మగమనిషికి రోజుకు పది, ఆడమనిషికి అంతకన్నా తక్కువ. పాయింటు పడేది రోజుకు, పీకిన కలుపుకు కాదు. మడిలో కలుపు వేరుతో సహా లాగారా, పైపైన తెంపేసి ముందుకెళ్లారా అన్నది వారం పోతేగానీ బయటపడదు. అప్పటికి ఆ సాలులో ఎవరు నడిచారో ఎవరికి గుర్తు? తన మడి అయితే నడుం విరిగినా వేరు లాగుతాడు. ఊరందరి మడి అయితే, వేరు లాగినా లాగకపోయినా ఆ పదీ వస్తాయి. దాన్ని బద్ధకం అనడానికి నాకు నోరు రాదు, ఆ చోట నేనున్నా అంతే చేసేవాణ్ణి. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

అంతటితో ఆగితే దిగుబడి తగ్గి ఊరుకునేది. ఇళ్లలో పొయ్యిలు ఆర్పించి ఉమ్మడి భోజనశాలలు పెట్టారు. ఇనుప బాండీలు సైతం ఉక్కు కొలుముల్లోకి పోయాయి. కింది అధికారులు మెప్పు కోసం పంటను పెంచి చెప్పారు, ఆ కాకిలెక్క పట్టుకునే సర్కారు ధాన్యం తోలుకుపోయింది. 1959-61 కరువులో పోయిన ప్రాణాలు ఒకటిన్నర కోటి అని తక్కువ అంచనా, నాలుగున్నర కోట్లని ఎక్కువ అంచనా. పొలమూ పైవాళ్లదే, గాదే వాళ్లదే, గరిటే వాళ్ల చేతిలోనే. ఎదురు మాట్లాడితే ఆ పూట గిన్నె ఖాళీ. సోషలిజాన్ని నేను కాదనేది ముఖ్యంగా ఇక్కడ. కూడు పెట్టే చెయ్యీ, శిక్ష వేసే చెయ్యీ ఒకటే అయ్యాక తప్పు తప్పని చెప్పేవాడు మిగలడు.

1959నే రెండు దేశాల్లో పక్కపక్కన పెట్టి చూడండి. జనవరిలో నాగ్‌పూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సాగును తీర్మానించింది. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా కుదరదన్నారు. కాంగ్రెస్ వదిలేసి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడై ఊరూరా తిరిగారు. చరణ్ సింగ్ కాంగ్రెస్‌లో ఉంటూనే ఎదిరించారు. బలవంతం ఉండదని నెహ్రూ చెప్పాల్సి వచ్చింది, చివరికది ప్రయోగాత్మక సంఘాలతో సరిపెట్టుకుంది. అదే ఏడాది జులైలో లూషాన్‌లో జరిగిన పార్టీ సమావేశంలో చైనా రక్షణమంత్రి పెంగ్ దెహ్వాయ్ జనం పడుతున్న బాధ గురించి పార్టీ అధినేత మావోకు ఒక ఉత్తరం రాశాడు. పార్టీ పెట్టలేదు, సభ పెట్టలేదు, ఒట్టి ఉత్తరం. పదవి ఊడింది. 1974లో నిర్బంధంలోనే పోయాడు.

1978 చివర్లో చైనాలోనే అన్హుయ్ రాష్ట్రంలో షియావోగాంగ్ అనే పల్లెలో పద్దెనిమిది కుటుంబాలు రహస్యంగా పొలం పంచుకుని కాగితం మీద వేలిముద్రలు వేశాయి. పెద్దలు జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు పెంచాలని అందులో రాసుకున్నారు. మరుసటేడు గింజలు ఎన్నో రెట్లు పండాయి. ఆ పద్ధతే దేశమంతా పాకింది. చైనా ధాన్యం 1978లో సుమారు 30 కోట్ల టన్నులు, 1984లో 40 కోట్లు దాటింది. కొనుగోలు ధరలూ, ఎరువులూ పెరిగాయి కాబట్టి మొత్తం ఘనత పంపకానిదే అనను. భూమి ఇప్పటికీ అక్కడి రైతు సొంతం కాదు, సాగు హక్కే.

అలాగని రెండో దారి పూలబాట అనుకోవద్దు. ఎకరం రైతు ఒంటరిగా బజారుకెళితే దళారీ చెప్పిందే ధర. ఇక కౌలు రైతు సంగతి: వచ్చే ఏడు ఆ చెక్క తనకుంటుందో లేదో తెలియనివాడు పచ్చిరొట్ట వేసి దున్నుతాడా, పశువుల ఎరువు తోలతాడా? భూమి దున్నేవాడికి ఇవ్వాలన్న కమ్యూనిస్టుల మాట నాకూ నచ్చుతుంది. జపాన్, తైవాన్ ఆ పని చేసి, పట్టా రైతు చేతిలోనే పెట్టాయి. ఇచ్చినట్టే ఇచ్చి కమ్యూన్‌లోకి లాక్కోవడం దగ్గరే నా పేచీ.

మూడోదాన్ని చూడాలంటే చైనా దాకా పోనక్కర్లేదు. తెలంగాణలో ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి నడుస్తోంది. పొలం ఎవరిది వాళ్లదే. అప్పు, విత్తనం, ఎరువు, అమ్మకం సంఘానివి. పాల కేంద్రాలూ అంతే. తెల్లారుజామున క్యాను దగ్గర వరసలో నిలబడితే ఒక్కొక్కరి పాలూ విడిగా కొలిచి, ఫ్యాట్ చూసి చీటీ ఇస్తారు. తవుడు బాగా పెట్టినామె చీటీలో ఆ తవుడు కనిపిస్తుంది. చెంబుడు నీళ్లు కలిపినామెకు ఆ నీళ్ల ధరే పడుతుంది, పక్కామె చీటీలో పైసా తగ్గదు. ఆ తర్వాతే పాలన్నీ ఒకే క్యానులో పోస్తారు.