ఆరు నెలలు వాడిన అద్రాస్ జాకెట్: బట్టకు ఫుల్ మార్కులు, జేబుకు సున్నా

కొన్న వారంలో రాసి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేసేదాన్ని, రెండో నెలలో రాసి ఉంటే ఒకటి కూడా ఎక్కువే అనేదాన్ని. ఆరు నెలలయ్యాక ఇప్పుడు మూడున్నర దగ్గర ఆగాను.

ఒక యూరప్ డిజైనర్ బ్రాండు, ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్ నేతగాళ్లతో కలిసి చేశామని చెప్పి అమ్మిన ఇక్కత్ జాకెట్ ఇది. బ్రాండు పేరు రాయడం లేదు. ఇలా డిజైనర్, చేతివృత్తివాళ్లు కలిసి చేశామనే సరుకు ఏది కొన్నా చూసుకోవాల్సినవి దాదాపు ఇవే.

ముందు బట్ట గురించి చెప్తాను, ఈ జాకెట్‌లో హీరో అదే. అద్రాస్ అనే ఈ ఇక్కత్ బట్టలో పడుగు (నిలువు దారాలు) పట్టు, పేక (అడ్డ దారాలు) నూలు. నేతకు ముందే పడుగు దారాలను కట్టలుగా బిగించి కట్టి ఒక రంగులో ముంచుతారు, విప్పి ఇంకో చోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు, అలా మగ్గం ఎక్కేసరికే డిజైన్ మొత్తం దారాల్లో ఉంటుంది. నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కదా, అందుకే పువ్వు అంచు స్కేలుతో గీసినట్టు ఉండదు, తడి కాగితం మీద సిరా పాకినట్టు ఉంటుంది. అక్కడివాళ్లు దీన్ని అబ్ర్ అంటారట, అంటే మబ్బు. ఇంతకంటే సరైన పేరు ఉండదు. మర్గిలాన్‌లో ఈ నేతను కాపాడుతున్న చేతివృత్తుల కేంద్రాన్ని 2017లో యునెస్కో కూడా మంచి పద్ధతుల జాబితాలో చేర్చింది. మీ చేతిలో ఉన్నది అసలుదో ప్రింటో తెలియాలంటే తిరగేసి చూడండి. ప్రింటైతే వెనకవైపు సాధారణంగా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నాది తిరగేస్తే ఏది ముందో ఏది వెనకో నాకే తెలియలేదు. బట్ట మీద ఒక్క కంప్లయింట్ కూడా లేదు.

కటింగ్ దగ్గరికొస్తే సగం మెచ్చుకోవాలి, సగం తిట్టాలి. ఈ బట్ట వెడల్పు తక్కువ, సుమారు ఒక మూర. డిజైనర్ ఆ వెడల్పును కత్తిరించకుండా వీపుకు రెండు పన్నాలు అలాగే వాడారు, ముందు బొత్తాల పట్టీ దగ్గర నేత అంచునే అంచుగా వదిలేశారు, మడిచి కుట్టలేదు. అది చూసి నిజంగా ముచ్చటేసింది. మగ్గం దగ్గర కూర్చుని చూసిన మనిషే ఇలా చేస్తారు అనుకున్నాను. అంతలో ఎడమవైపు జేబు చూశాను. ఎక్కడిదో ఇంకో ముక్క తెచ్చి, పెద్ద మబ్బు మీద అడ్డంగా అతికించారు. పెళ్లి గ్రూప్ ఫోటోలో పెద్దాయన తల సగం తెగిపోయినట్టు ఉంది. పైగా ఆ జేబులో ఫోన్ కూడా పట్టదు!

ఇక ఉతుకు. కార్డు మీద చల్లటి నీళ్లలో మెషీన్ వాష్ చేయొచ్చని రాశారు, నేనూ నమ్మి వేశాను. ఎరుపు దిగింది, పట్టు ఒకలా నూలు ఒకలా ముడుచుకుని భుజం దగ్గర ముడతలు పడ్డాయి, అదే మెషీన్‌లో ఉన్న తెల్ల చొక్కా గులాబీ రంగుకు మారింది. ఇస్త్రీ చేస్తే ముడతలు చాలావరకు పోయాయి, చొక్కా మాత్రం పోయింది. ఈ బట్టను ఎలా ఉతకాలో నేసినవాళ్లను ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్లు కదా? అడగలేదని ఆ కార్డు చూస్తేనే తెలుస్తోంది.

లేబుల్ మీద డిజైనర్ పేరు లావు దారంతో కుట్టి ఉంది. కింద చిన్నక్షరాల్లో ‘నైపుణ్యం గల చేతులతో తయారైంది’ అని. ఎవరి చేతులండీ అని మెయిల్ పెట్టాను. మొదటి జవాబు అందరికీ పంపేదే. రెండోసారి అడిగితే ఒకమ్మాయి ఓపిగ్గా రాసింది: వర్క్‌షాప్ పేరు చెప్పింది, బట్టను మీటర్ల లెక్కన కొంటామని, డిజైన్ పనంతా తమ దగ్గరే జరుగుతుందని చెప్పింది. పోనీ తయారైన జాకెట్ ఫోటో అయినా వాళ్లకు పంపారా అని అడిగాను. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు. మీటర్ల లెక్కన కొనడం తప్పేమీ కాదు, అది వ్యాపారం. దాన్ని ‘కలిసి చేశాం’ అనడమే నాకు నచ్చలేదు.

పెద్ద బ్రాండ్ల సంగతీ ఇలాగే నడుస్తోంది. 2025 జూన్‌లో మిలాన్ షోలో ప్రాడా అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి చూపించి, కొల్హాపూర్ మాటే ఎత్తలేదు. ఆ చెప్పులకు 2019 నుంచే జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం సరుకనే చట్టపరమైన గుర్తింపు ఉంది. గొడవయ్యాక ఒప్పుకున్నారు, డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక తోలు పరిశ్రమ సంస్థలతో ఒప్పందం చేసుకుని అక్కడే చేయిస్తామన్నారు. ఆ సంతకాలేవో షోకు ముందే పెట్టి ఉంటే సరిపోయేది. దీనికి భిన్నంగా, 2023 మార్చి 30న ముంబైలో డియోర్ షో జరిగినప్పుడు ఎంబ్రాయిడరీ చేసిన చాణక్య సంస్థ పేరు అందరికీ తెలిసేలా చెప్పారు. అప్పటి డియోర్ డిజైనర్ మరియా గ్రాజియా కియూరి, చాణక్యను నడిపే కరిష్మా స్వాలి అప్పటికే ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్నారు. అయినా అక్కడ కూడా ఒక్కో కుట్టు వేసిన మనిషి పేరు కొనేవాళ్లదాకా రాదనుకోండి.

కొనొచ్చా అంటే, బట్ట కోసం కొనండి, మెషీన్‌లో మాత్రం వేయకండి. ఆర్డర్ పెట్టే ముందే నేసింది ఎవరో మెయిల్‌లో అడగండి, ఎంత త్వరగా చెప్తారో చూస్తే విషయం అర్థమవుతుంది. నేనైతే పోయిన వారం టైలర్ దగ్గర ఆ జేబు విప్పించేశాను. సూది రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి గానీ, కింద మబ్బు మొత్తం అలాగే ఉంది.