భూకంపం వచ్చిన ఊర్లో నేల పరీక్ష ఏది మేలు? కంటితో చూసే సర్వేనా, బోరు వేసి సుత్తితో కొట్టి చూసే ఎస్‌పీటీనా, నేలలోకి కోను దింపి చూసే సీపీటీనా?

మా చిన్నాయన కొడుకు న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటాడు. పోయిన నెల ఫోన్ చేసి, అన్నా రెండు ఇండ్లు చూసినా, ఒకటి తూర్పున ఏవన్ నది పక్క కాలనీలో, దాన్ని టీసీ3 నేల అంటారంట, అంటే భూకంపానికి బాగా దెబ్బతినే రకం, రేటు బాగా తక్కువ, ఇంకోటి టీసీ2, దానికన్నా మేలు రకం, అది కాస్త ఎక్కువ చెప్తున్నారు, నువ్వు కర్నూల్లో రోజూ సాయిల్ టెస్టులు చేయిస్తుంటావు గదా ఏది తీసుకోమంటావ్ అని అడిగినాడు. నేను ఇల్లు సంగతి తర్వాత, ముందు ఆ రెండింటికీ నేల చూసినోళ్లు ఎట్ల చూసినారో ఆ కాగితాలు పంపురా అన్నా. పంపినాడు. టీసీ3 ఇంటికి రెండు సీపీటీ రిపోర్టులు ఉన్నాయి, 15 మీటర్ల దాకా, ఆ తర్వాత పాత పునాది తీసేసి కంకర పరిచి కొత్త స్లాబు వేసినట్టు పేపర్లు కూడా ఉన్నాయి. టీసీ2 ఇంటికేమో ఒక ఇంజనీరు వచ్చి చుట్టూ తిరిగి చూసి రాసిన రెండు పేజీలు, చేత్తో తిప్పే ఆగర్‌తో 2 మీటర్లు తవ్విన ఒక గుంట లెక్క, అంతే. మంచి నేల అని పేరున్నదానికి రుజువు లేదు, చెడ్డ నేల అని పేరున్నదానికి రుజువు నిండా ఉంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ఈ పరీక్షలన్నీ చూసేది భూకంపానికి నేల నీళ్లయిపోతుందా అని, దాన్నే లిక్విఫాక్షన్ అంటారు, అదేందో తెలియనోళ్లకు ఒక మాట. తుంగభద్రలో నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డున తడి ఇసుక మీద నిలబడి చిన్నప్పుడు కాళ్లు ఆడించినారు గదా, గట్టిగా ఉన్న ఇసుకే రెండు నిమిషాల్లో మెత్తబడి నీళ్లు పైకి ఊరి మడమలు దిగబడతాయి, అదే. డబ్బాలో బియ్యం పోసి తడితే కిందికి దిగుతాయి, వదులుగా ఉన్న ఇసుక కూడా ఊపితే అట్లే దగ్గరకు రావాలని చూస్తుంది, కానీ గింజల మధ్య నీళ్లు ఉండి అవి బయటికి పోయే టైమ్ లేకపోతే బరువంతా ఆ నీళ్ల మీద పడుతుంది, ఇసుక గింజకూ గింజకూ పట్టు పోతుంది, కాసేపు నేల బురదనీళ్ల లెక్క అయిపోతుంది. దీనికి మూడూ కలవాల: వదులు ఇసుక గానీ సన్న ఒండ్రు గానీ ఉండాల, నేలలో నీళ్లు లోతుగా కాకుండా పైనే ఉండాల, గట్టి ఊపు రావాల. 1964లో జపాన్ నీగాటాలో అపార్టుమెంట్లు పగలకుండానే పక్కకు ఒరిగి పడుకున్నాయి. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి కచ్ రణ్‌లో నేలలో నుంచి నీళ్లు ఇసుక ఎగజిమ్మినాయి, కాండ్లా పోర్టులో టవర్ ఒరిగింది.

క్రైస్ట్‌చర్చ్ కథ ఇంకా పెద్దది. 2010 సెప్టెంబర్ 4న 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది, 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి 6.2 వచ్చింది, రెండోది చిన్నదే కానీ ఊరికి దగ్గర, లోతు తక్కువ, 185 మంది చనిపోయినారు. బెక్స్‌లీ, ఏవన్‌సైడ్, డాలింగ్టన్ లాంటి తూర్పు కాలనీల్లో పెరట్లో, రోడ్ల మీద, ఇంట్లో గచ్చు పగుళ్లలో నుంచి బూడిద రంగు ఒండ్రు పైకి వచ్చింది, స్టూడెంట్లు వేలల్లో పారలు తీసుకొని వచ్చి ఎత్తిపోసినారు. 2011 జూన్ 13న మళ్లా, డిసెంబర్ 23న మళ్లా, అవే వీధులు. దీన్ని ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే మనోళ్లు చాలామంది ఒకసారి కుంగింది కాబట్టి ఇప్పుడు నేల గట్టిపడింది అనుకుంటారు, కాదు. 2016 ఫిబ్రవరి 14న 5.7 వస్తే అప్పుడు కూడా కొన్ని చోట్ల ఇసుక పైకి వచ్చింది. ఆఖరికి దాదాపు 8 వేల ఇండ్లను రెడ్ జోన్ అని తీసేసినారు, మిగిలిన చదును నేలను టీసీ1, టీసీ2, టీసీ3 అని మూడు రకాలు చేసినారు, 3 అంటే మళ్లీ గట్టి భూకంపం వస్తే నేల బాగా దెబ్బతినే ఛాన్స్ ఉందని అర్థం, అక్కడ ప్రతి ఇంటికీ విడిగా లోతు పరీక్ష చేయకుండా పునాది కట్టనియ్యరు.

ఇప్పుడు అసలు పోలికకు వస్తా.

కంటి సర్వేను తక్కువ చేయకండి. భూకంపం అయిన మర్నాడే మొదలుపెట్టొచ్చు, మిషను అక్కర్లే, ఇంజనీర్లు వీధి వీధీ తిరిగి ఎక్కడ ఇసుక వచ్చింది ఎంత వచ్చింది, ఎక్కడ నేల పగిలి నది వైపు జరిగింది, ఎక్కడ ఇల్లు వాలింది అని మ్యాపు మీద రంగులు వేసుకుంటూ పోతే కొన్ని వారాల్లో ఊరంతా అయిపోతుంది. ఏరియాకు ఏరియా చూడాలంటే దీనికి మించింది లేదు. ఇసుక ఊట ఎట్ల ఉంటుందంటే చిన్న పుట్ట మాదిరి, చీమల పుట్ట పెద్దదైతే ఎట్ల ఉంటుందో అట్లా, నడుమ రంధ్రం, చుట్టూ పలుచగా పరుచుకున్న ఒండ్రు, ఎండితే సిమెంటు పొడి లాగా లేస్తుంది. మావాడు పాత ఇంటాయన దగ్గరున్న అప్పటి ఫోటో ఒకటి పంపినాడు, ఆ పొడిలో కుక్క అడుగులు పడి ఉన్నాయి, అంత మెత్తగా ఉంది.

కానీ దీనికి రెండు జబ్బులు. ఒకటి, వారం పది రోజులైతే జనం ఊడ్చేస్తారు, వాన పడితే కొట్టుకుపోతుంది, లేటుగా వచ్చినోడికి ఏమీ కనపడదు. రెండోది ఇంకా పెద్దది, పైన ఏమీ రాలేదంటే కింద ఏమీ కాలేదని కాదు, పైన గట్టి పొర మందంగా ఉంటే కింద ఇసుక కదిలినా బయటపడదు, ఆ రోజు నీటిమట్టం కిందికి ఉన్నా బయటపడదు, ఆ ఏరియాలో ఆ రోజు ఊపు తక్కువున్నా అంతే. అంటే జరిగిందేందో చెప్తుంది గానీ జరగబోయేది చెప్పలేదు. టీసీ2 ఇంటి రెండు పేజీల రిపోర్టు ఇట్లాంటిదే, తప్పు రాయలేదు, కానీ సరిపోదు.

ఎస్‌పీటీ మన పద్ధతి, నేను ఇరవై ఏండ్లుగా దీని తోనే బతుకుతున్నా. ముక్కాలి స్టాండు, తాడు, 63.5 కిలోల సుత్తి, 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాల, బోరు అడుగున పెట్టిన గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగింది లెక్కలోకి రాదు, ఆ తర్వాత 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడితే అదే ఎన్ వాల్యూ. మన భూకంప కోడు ఐఎస్ 1893 (2016) ప్రకారం, భూకంప భయం తక్కువున్న జోన్ 2లో 5 మీటర్ల లోపు ఎన్ కనీసం 10 ఉండాలంటారు, జోన్ 3 నుంచి పైకి 15. దీని గొప్పతనం ఏందంటే మట్టి చేతికి వస్తుంది. గొట్టం రెండుగా విప్పితే లోపల ఉన్నది ఇసుకా, ఒండ్రా, బంకమట్టా కంటితో చూస్తావు, వేళ్ల మధ్య నలిపి చూస్తావు, ల్యాబులో జల్లెడ పడతావు, అందులో 75 మైక్రాన్ల కన్నా సన్నది ఎంత ఉందో తేలితే సగం లెక్క అయిపోతుంది.

తప్పులు కూడా అంతే సులువుగా వస్తాయి, నా అనుభవం ఒకటి చెప్తా. హంద్రీ ఒడ్డున ఒక సైటులో 4 మీటర్ల దగ్గర ఎన్ 22 అని లాగ్ బుక్కులో రాసినారు, పైన 7, కింద 9, నడుమ 22 ఏందబ్బా అని మర్నాడు నేనే పోయి పక్కన అర మీటరు జరిపి ఇంకో బోరు వేయించినా, 8 వచ్చింది. మొదటిసారి గొట్టం మూతికి గులకరాయి ఇరుక్కుంది, అంతే. ఆ 22 నమ్మి ఉంటే ఇసుక గట్టిదని రాసేసేవాళ్లం. ఆ రోజే ఇంకోటి కూడా చూసినా, తాడు లాగే పిల్లోడు అలిసిపోయి సుత్తిని ముప్పావు ఎత్తుకే వదిలేస్తున్నాడు, దెబ్బ బలం తగ్గితే దెబ్బలు ఎక్కువ పడతాయి, నేల ఉన్నదానికన్నా గట్టిగా కనపడుతుంది. బోరులో నీళ్లు బయట నీటిమట్టం కన్నా కిందికి పోతే ఇంకో తలనొప్పి, అడుగు నుంచి ఇసుక బుసబుసా పైకి పొంగి వదులైపోతుంది, అప్పుడు ఎన్ తక్కువ వస్తుంది. ఇసుకలో బోరు వేసేటప్పుడు నీళ్లు నిండుగా ఉంచాలని నేను వందసార్లు చెప్పి ఉంటా. పైగా మామూలుగా మీటరున్నరకు ఒకసారి కొడతారు, ఆ మధ్యలో అర మీటరు పలుచని వదులు పొర ఉంటే అది తప్పించుకుపోతుంది.

సీపీటీ అట్ల కాదు. 10 చదరపు సెంటీమీటర్ల మూతి, 60 డిగ్రీల కోను, సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున ఒకే స్పీడుతో నేలలోకి దింపుతుంటారు, ప్రతి ఒకటి రెండు సెంటీమీటర్లకు మూతి దగ్గర ఎంత ఎదురు తగిలింది, పక్కన ఎంత రాపిడి, నీళ్ల ఒత్తిడి ఎంత అని గ్రాఫు గీసుకుంటూ పోతుంది. తాడు లాగే చెయ్యి లేదు, అలసట లేదు, పలుచని పొర కూడా దొరికిపోతుంది, ఒక్కరోజులో మూడు నాలుగు చోట్ల చేయొచ్చు. క్రైస్ట్‌చర్చ్‌లో వేలకు వేలు చేసినారు, ఆ డేటా అంతా ఒకే చోట పెట్టినారు, రిజిస్టర్ చేసుకుంటే ఇంజనీర్లు పక్కింటి గ్రాఫు కూడా తీసి చూసుకోవచ్చు. నాకు ఈ పని చూస్తే నిజంగా కడుపు నిండుతుంది, మన దగ్గర ఒక ఇంటికి చేసిన బోరు లాగ్ ఆ ఫైల్లోనే చచ్చిపోతుంది, పక్క ప్లాటోడు మళ్లా డబ్బులు పెట్టి మళ్లా తవ్విస్తాడు.

సీపీటీకి కూడా లోటు ఉంది. మట్టి చేతికి రాదు, గ్రాఫు చూసి ఊహించాలంతే. గులకరాళ్లు తగిలితే ఆగిపోతుంది. ఇంకోటి, క్రైస్ట్‌చర్చ్‌లోనే కొన్ని కాలనీల్లో, ఇసుకా ఒండ్రూ పలుచని పొరలు పొరలుగా కలిసి ఉన్న చోట, సీపీటీ లెక్క ప్రకారం లిక్విఫాక్షన్ బాగా రావాల, కానీ భూకంపం తర్వాత వీధిలో చూస్తే ఒక్క పుట్ట కూడా లేదు. కాంటర్‌బరీ యూనివర్సిటీ ప్రొఫెసర్ మిష్కో కుబ్రినోవ్‌స్కీ లాంటి వాళ్లు దీని మీద చాలా పని చేసినారు. కంటి సర్వే లేకపోతే ఈ తేడా ఎవరికీ తెలిసేదే కాదు. నేను సీపీటీ ముందు అంటున్నా గానీ కంటి సర్వే మ్యాపు పక్కన పెట్టుకోకుండా దాన్ని చదవొద్దు అంటున్నా, అనుమానం ఉన్న పొర దగ్గర ఒక్క బోరైనా వేసి మట్టి తీసి చూడాల.

మన కర్నూలుకు ఇదే వరుస పెట్టొద్దు. ఇక్కడ చాలాచోట్ల పైన నల్లరేగడి గానీ ఎర్ర గరుసు గానీ, దాని కింద రాయి, సీపీటీ బండి తెచ్చినా రెండు మీటర్లకే ఆగిపోతుంది, డబ్బులు దండగ. రాయలసీమ చాలావరకు ఆ 2016 కోడులో జోన్ 2, క్రైస్ట్‌చర్చ్ అంత ఊపు ఇక్కడ లెక్కలోనే లేదు. రేగడి బంకమట్టి కాబట్టి ఇసుక మాదిరి నీళ్లయిపోదు, దాని జబ్బు వేరే, వానకు ఉబ్బి ఎండకు బీటలు తీసి గోడలు చీలుస్తుంది, ఎండాకాలం చేలో బీటలు చూసి భూకంపం వల్ల అని ఫోన్ చేసినోళ్లు ఉన్నారు. 2015లో కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో వానల తర్వాత భూమి కుంగి గుంతలు పడితే అది కూడా లిక్విఫాక్షన్ కాదు. కానీ హంద్రీ, తుంగభద్ర ఒడ్డు పట్టున ఒండ్రు ఇసుక మీద కట్టేవాళ్లు, 2009 వరద నీళ్లు ఎంత దూరం వచ్చినాయో గుర్తున్నవాళ్లు, అక్కడ మాత్రం 10 మీటర్ల దాకా ఎస్‌పీటీ బోరు వేయించండి, అది కూడా వానాకాలం అయిపోగానే నీళ్లు పైకి ఉన్నప్పుడు. మే నెలలో వేస్తే నీటిమట్టం తప్పుగా పడుతుంది.

మావాడి ఇండ్ల సంగతి. టీసీ3 ఇంటి రిపోర్టు మంచిదే, పునాది కూడా బాగానే కట్టినారు, నిజం చెప్పాలంటే ఆ స్లాబు మీద నాకు ఏ అనుమానం లేదు. కానీ పునాది ఇంటిని నిలబెడుతుంది, వీధిని నిలబెట్టదు. నది పక్క నేల మళ్లీ కదిలితే డ్రైనేజీ పైపులు విరుగుతాయి, 2011లో ఇండ్లు నిలబడిన వీధుల్లో కూడా జనం నెలల తరబడి రోడ్డు మీద పెట్టిన టాయిలెట్లతో గడిపినారు, పైగా అక్కడ నేల కుంగినాక వరద భయం పెరిగింది. ఇద్దరు పసిపిల్లలతో ఆ పక్క పోవొద్దు అన్నా. టీసీ2 ఇల్లే మేలు, అయితే ఆ రెండు పేజీల కాగితం నమ్మి సంతకం పెట్టొద్దు, ముందు పెరట్లో ఒక సీపీటీ చేయించు, వాళ్లు ఒప్పుకోకపోతే వదిలెయ్ అన్నా. అమ్మేవాళ్లు ఒప్పుకున్నారంట, బండి వచ్చే వారం వస్తుందంట. గ్రాఫు రాగానే మొత్తం చదువుకుంటూ కూర్చోవద్దురా, ముందు నీటిమట్టం ఎంత లోతులో రాసినారో చూడు, అక్కడి నుంచి 6 మీటర్ల దాకా ఉన్న గీత ఎడమకు అతుక్కొని ఉందా కుడికి జరిగిందా చూసి ఫోటో పెట్టు అని చెప్పినా. ఎడమకు ఉంటే మెత్తన, అప్పుడు ఇసుకా బంకా తేల్చడానికి అక్కడే ఒక బోరు వేయమని అడగాల.