గుణింతం అడ్డంగానా, నిలువుగానా?

"అచ్చులు, హల్లులు వచ్చేశాయి, గుణింతం దగ్గర బండి ఆగిపోయింది, ఏం చేయాలి?" చిన్నపిల్లలున్న వాళ్లు ఎవరు కలిసినా ఈ మధ్య ఇదే ప్రశ్న. మా పెద్దదానికి ఒక పద్ధతిలో, చిన్నవాడికి ఇంకో పద్ధతిలో నేర్పాను కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చెబుతాను.

అడ్డం అంటే మనందరం చదువుకున్నదే. క, కా, కి, కీ అంటూ ఒకే అక్షరానికి గుర్తులన్నీ వరసగా పెట్టుకుంటూ పోవడం. నిలువు అంటే ఒకే గుర్తును పట్టుకుని అక్షరాలన్నిటికీ తగిలించడం: కు, గు, చు, డు, తు, లు.

అడ్డం పద్ధతిని తీసిపారేయలేం. దానికో పాట ఉంది. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని రాగం తీస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. హ్రస్వం, దీర్ఘం వెంటవెంటనే వినపడతాయి కాబట్టి కి, కీ తేడా చెవికి బాగా అందుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకూ అదే వచ్చు, ఎవరైనా కూర్చోబెట్టి చెప్పించగలరు.

చిక్కల్లా మధ్యలోంచి ఒకటి చూపించి అడిగినప్పుడు. మా పెద్దది గుణింతం గడగడా అప్పజెప్పేది, నేనూ మురిసిపోయేదాన్ని. ఓ రోజు 'తోట' అని రాసి చదవమంటే పెదాలు కదుపుతూ ఏదో గొణుగుతోంది. దగ్గరికెళ్లి వింటే "త తా తి తీ తు తూ తె తే తై తొ తో... తో!" ఒక్క అక్షరం కోసం పదకొండు మెట్లు ఎక్కి వచ్చింది. ఈలోగా పక్కన 'ట' ఉందన్న సంగతే మర్చిపోయింది. దానికి వచ్చింది పాట. ఆ గుర్తుకు 'ఓ' అనే చప్పుడు ఉందని ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

నా లెక్కలో తేల్చేది ఇక్కడే. గుణింతానికి వచ్చేసరికి పిల్లకి క తెలుసు, గ తెలుసు. తెలియనిది గుర్తు. అడ్డంగా పోతే తెలిసిన అక్షరం కదలకుండా ఉండి, తెలియని గుర్తులు పదకొండూ ఒక్కసారిగా మీద పడతాయి. నిలువుగా పోతే కొత్తది ఒక్కటే, మారేవన్నీ పాత చుట్టాలే. కు, గు, డు, లు అని పదిసార్లు అనేసరికి చివర ఒకే చప్పుడు వస్తోందని వాళ్లకే తడుతుంది. 35 హల్లులకు 12 రూపాల చొప్పున వేసుకున్నా 420. అన్నిటినీ విడివిడిగా ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి?

చిన్నవాడికి కొమ్ముతో మొదలుపెట్టాను. దీర్ఘమో గుడో ఇస్తే 'క' మీద తలకట్టు పోతుంది, అక్షరం ముఖమే మారినట్టుంటుంది. కొమ్ము తలకట్టును ముట్టుకోదు. పైగా తెలుగులో ఉకారంతో ముగిసే మాటలకు కరువా? అడుగు, పరుగు, పలుకు, నడుము, చదువు. ఒక్క గుర్తు వచ్చిన వారంలోనే ఇవన్నీ చదివేశాడు. 'అడుగు' చదివి, నేను చెప్పకుండానే ఓ అడుగు ముందుకేశాడు.

నిలువులోనూ గతుకులున్నాయి. చదివినవాడు రాయగలడనుకుని 'చదువు' రాయమన్నాను. వ పక్కన మామూలు కొమ్ము పెట్టాడు, చూస్తే 'చదుమ'. వాడి తప్పేం లేదు. పు, వులకు కొమ్ము కాస్త కిందికి దిగుతుందని నేను ముందే చూపించాల్సింది. 'మి' చూస్తే 'వి'కి తోక పెట్టినట్టుంటుంది, 'హా'లో దీర్ఘం దారే వేరు. ఇలాంటివి పక్కన పెట్టి, మిగతావి కుదిరాక విడిగా చూపిస్తే గొడవ ఉండదు.

ఇప్పటికే అడ్డంగా సగం నేర్పేసినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. గోడ మీది గుణింతాల చార్టు చాలు. ఒక్క నిలువు వరసను వదిలి మిగతాదంతా కాగితంతో మూసి, పైనుంచి కిందికి చదివించండి. మర్నాడు కిందినుంచి పైకి.

మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపట్టించే కార్డులూ వాడి చూశాం. బొమ్మ మూసేస్తే చదువూ పోయింది. యాప్‌లు కాసేపు కూర్చోబెట్టడానికి పనికొస్తాయి, అంతే.

పాట నేర్పలేదా అంటే, వాడికీ వచ్చింది, అక్క పాడుతుంటే విని. అప్పటికి ఐత్వం, ఔత్వం మేం ఇంకా మొదలుపెట్టలేదు. ఇద్దరూ త గుణింతం పాడుతుంటే వాడు 'తై' దగ్గర టక్కున ఆగి, "అమ్మా, ఈ చప్పుడుకి గుర్తేది?" అన్నాడు. పలక తెమ్మన్నాను.