గోడ మీది నాచుకు పేరు తెలియాలంటే: ఫోనా, కెమెరానా, భూతద్దమా?

విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా పిట్టగోడ మీద ఏటా వానలు పడగానే పచ్చటి మెత్తలు లేస్తాయి. వాటి పేర్లు తెలుసుకోవాలన్న పట్టుదలతో ముందు ఫోను, తరువాత చిన్న వస్తువులను దగ్గరగా తీసే మాక్రో కెమెరా (అరువు తెచ్చుకున్నది), చివరికి కంసాలులు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం వాడి చూశాను. అందమైన బొమ్మ కావాలంటే కెమెరాయే మేలు. పేరు కావాలంటే మాత్రం భూతద్దం, దానికి తోడు ఫోను.

నాచు అనే ఒక్క మాటతో మనం రెండింటిని పిలుస్తాం. కాలు పెడితే సర్రున జారే పాచి వేరు. నేను చెప్పేది చిన్న కాడ, దాని చుట్టూ ఆకులు ఉన్న మొక్క గురించి. దానికి వేళ్ళుండవు, సన్నని పోగులతో ఇటుకను, సున్నాన్ని పట్టుకుంటుంది. ఆకు పొడవు చాలావాటిలో ఒకటి రెండు మిల్లీమీటర్లే. చిక్కంతా అక్కడే వస్తుంది.

మాక్రో కెమెరాతో, సెన్సర్ మీద పడే బొమ్మ అసలు పరిమాణానికి సమానంగా ఉండేలా తీస్తే, స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది. ఒక ఆకు కొన తేటగా వస్తే పక్క ఆకు మసకబారుతుంది. కొద్దికొద్దిగా దూరం మారుస్తూ ఇరవై ఫోటోలు తీసి కంప్యూటర్‌లో ఒకటిగా కలపాలి. అందుకు కెమెరా కదలకూడదు. వన్‌టౌన్ సందుల్లో స్టాండు కాళ్ళు పరిచే చోటెక్కడిది? ఇంట్లో, బల్ల మీద అయితే ఆ శ్రమకు తగిన ఫలితం దక్కుతుంది.

ఫోను సెన్సర్ చిన్నది కాబట్టి లోతు ఎక్కువగా అందుతుంది. కానీ మరీ దగ్గరకు తెస్తే దాని నీడే మెత్త మీద పడుతుంది. పొద్దుటి ఏటవాలు వెలుగులో, భూతద్దాన్ని ఫోను కటకానికి ఆనించి పట్టుకుంటే ఆకు నడిమి ఈనె దాకా వస్తుంది. అంచులు కాస్త వంకరగా వస్తాయి, అయినా గుర్తింపుకు అది అడ్డం కాదు.

భూతద్దం నాకు నేర్పిన అసలు పాఠం వేరే ఉంది: ప్రతి నాచునూ రెండుసార్లు చూడాలి, ఎండినప్పుడు ఒకసారి, తడిపి మరొకసారి. మన గోడల మీద తరచుగా కనిపించే హయోఫిలా ఇన్వొల్యూటా ఎండలో ఆకుల అంచులను లోపలికి చుట్టుకుని గోధుమరంగు పోగుల్లా ఉంటుంది. నాలుగు చుక్కలు చిలకరించి చూస్తూ ఉండండి. కాసేపటికే ఆకులు విచ్చుకుని నక్షత్రంలా పరుచుకుంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ విచ్చుకోవడం కొత్తగానే ఉంటుంది. బ్రయమ్ అర్జెంటియమ్ అనే నాచు దీనికి తలకిందులు. దాని ఆకుల పైభాగపు కణాల్లో పత్రహరితం ఉండదు, అందుకే ఆరినప్పుడే వెండి మెరుపు బాగా తేలుతుంది. తడిగా ఉన్నప్పుడు మాత్రమే ఫోటో తీస్తే ఆ ముఖ్యమైన గుర్తు చేజారుతుంది.

సన్నని కాడ చివర గుళిక, అంటే సిద్ధబీజాలుండే చిన్న తిత్తి, దొరికితే అదృష్టమే. మూత ఊడిన గుళిక నోటి చుట్టూ మెలితిరిగిన సన్నని పళ్ళుంటే బార్బ్యులా అనే మరో నాచు అనుకోవచ్చు. పళ్ళే లేకపోతే హయోఫిలా వైపు మొగ్గాలి. పై నుంచి తీసిన ఫోటోలో ఈ రెండూ ఒకే పచ్చదనం.

మరి యాప్‌ల మాట? ఫోటో చూసి పేరు సూచించే ఐనాచురలిస్ట్ వంటివి ప్రజాతి (పేరులోని మొదటి మాట) దాకా దారి చూపితే సంతోషించాలి. జాతి పేరు చెప్పినా వెంటనే రాసుకోకండి. కణాల మీది సూక్ష్మమైన బుడిపెలు ఫోటోలో ఉండవు, లేనిదాన్ని యాప్ చూడలేదు. అక్కడ మైక్రోస్కోపే దిక్కు. సాధారణంగా ఆకు ఒకే కణం మందం కాబట్టి కోయకుండానే నీటిచుక్కలో పెట్టి చూడవచ్చు. కళాశాల ప్రయోగశాలలో ఉండే మైక్రోస్కోపు చాలు.

ఏది వాడినా సరే, పెరిగిన చోటు తప్పక రాసుకోండి: సున్నపు గోడా, సిమెంటా, ఏలూరు కాలువ గట్టు రాయా, ఏసీ నీళ్ళు కారే మూలా? వేసవిలో ఊరంతా మాడుతున్నప్పుడు కూడా ఆ ఏసీ మూలల్లో పచ్చదనం దొరుకుతుంది. గోరంత ముక్క చాలు, మెత్తంతా పెకలించవద్దు. దాన్ని కాగితం పొట్లంలో ఆరబెట్టి, పైన తేదీ, చోటు రాయండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది. పొట్లంలోని నాచును ఏళ్ళ తరువాత నీళ్ళలో వేసినా ఆకులు మళ్ళీ విచ్చుకుంటాయి, తీరిగ్గా చూసి పేరు తేల్చుకోవచ్చు.